దుర్బీను దిమ్మెలు

సమాయిల్,
ఏప్రిల్ 1975

ప్రియమైన దేవవ్వకు,

నేను క్షేమం. వహీద్ భాయ్ తుపాకుల రిపేరు దుకాణంలో పని బాగానే సాగుతోంది. ఇప్పుడు చేతిలో ఒక పాత ఇంగ్లీషు మిలిటరీ రైఫిల్ ఉంది. దుర్బీను బిగించే రెండు ఇనుప దిమ్మెలు వదులయ్యాయి. గురి ఒకచోట, గుండు ఒకచోట! పాత టంకం గీకి, కొత్త మరలు చేసి బిగించాలి. కమ్మరోని చేతికి ఇదెంత పని!

తెచ్చింది సాలెం అనే పెద్దాయన. వహీద్ భాయ్ మస్కట్ పోయిన రోజు వచ్చాడు. కొడుకు సలాలా వైపు ఫౌజులో ఉన్నాడని సైగలు చేసి, "వలదీ ఖలాస్" అన్నాడు. నా కొడుకు ఖలాస్ అని. మన దగ్గర ఆ మాట వింటే గుండె ఆగుతుంది. ఇక్కడ డ్యూటీ దిగినా ఖలాస్, చాయ్ అయిపోయినా ఖలాస్. నౌకరీ ముగించుకుని ఇంటికొస్తున్నాడన్నమాట. "మబ్రూక్ బాబా, కొడుకు వస్తాడు!" అని నాకు వచ్చిన అరబ్బీలో అభినందించి, రెండు చేతులూ పట్టుకుని ఊపాను. మీ ఆయన అరబ్బీ చూశావా!

నీ లచ్చన్న

చిన్నవ్వ నాయనకు దేవవ్వ దండాలు.

అందరం బాగున్నాం. చిన్నవ్వకు పళ్లు వస్తున్నాయి, దొరికిందల్లా కొరుకుతోంది. నీ అరబ్బీ సంగతి విని అత్తమ్మ కడుపుబ్బ నవ్వింది. నాకే నవ్వు రాలేదు. ఆ పెద్దాయన నవ్విండా? నువ్వది రాయనే లేదు. వహీద్ భాయ్‌ని ఒకసారి అడుగు. నాకెందుకో భయంగా ఉంది.

దేవవ్వ

సమాయిల్,
జూన్ 1975

ప్రియమైన దేవవ్వకు,

పెద్దాయన నవ్వలేదు. వహీద్ భాయ్‌ని అడిగితే చేతిలో ఆకురాయి కింద పెట్టాడు. "అరె లచ్చన్నా, వో లడ్‌కా గుజర్ గయా" అన్నాడు. కొండల్లో కాల్పుల్లో చనిపోయాడట. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు దిమ్మెలు బాగుచేయించమని తండ్రికి చెప్పి వెళ్లాడట.

మరలు బిగించి, టంకం పోసి, దుర్బీను కూర్చోబెట్టాను. వెంట్రుకంత కూడా కదలలేదు. వహీద్ భాయ్‌ని వెంటబెట్టుకుని తుపాకి నేనే మోసుకుపోయాను. నేను సాలెం కాళ్లు పట్టుకోబోతే ఆయన నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన అన్నది వహీద్ భాయ్ నాకు చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ఊరంతా వచ్చి ఓదార్చి పోయిందట. వాడు వస్తాడన్నది నేనొక్కడినేనట. వాడి తల్లి ఆ మాట నా నోట ఒక్కసారి వినాలంటోందట.

ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. మొదటిసారి తెలియక అన్నాను దేవవ్వా, ఈసారి తెలిసీ "కొడుకు వస్తాడు" అన్నాను. ఆమె తల ఊపి, "ఎప్పుడు?" అని అడిగింది.

ఏడుపు ఆగలేదు నాకు. ఆమే నా తల నిమిరింది.

ఇంకేం రాయలేను.

నీ లచ్చన్న