నోరు ఇరవై అయిదు మిల్లీమీటర్లు

జూన్ 2, సోమవారం
ఉదయం 11:40. ద్వారకా నగర్‌లో పళ్ళ డాక్టరు సత్యశ్రీ గారికి చూపించుకుని ఇప్పుడే షాపుకి వచ్చాను. నెల రోజులుగా ఆవలిస్తే కుడి చెవి ముందు 'టక్'. అన్నం నమిలితే 'టక్'. పుచ్చుపన్ను అనుకున్నాను. పన్ను కాదట. దవడ కీలు!

చెవి ముందు వేలు పెట్టుకుని నోరు తెరవమన్నారు. లోపల ఏదో గుండులాంటిది కదిలింది. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇక్కడ రెండు కీళ్ళున్నాయని నాకే తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఆటోనగర్‌లో లేత్ మీద లారీ కీళ్ళలో తిరిగే బుష్షులు తీస్తున్న కామరాజు, తన బుష్షు తాను చూసుకోలేదు. సిగ్గు!

డాక్టరమ్మ చెప్పింది ఇదీ: కింది దవడ చివర గుండు. పుర్రెలో దానికో గుంట. మధ్యలో మెత్తటి బిళ్ళ. ఆ బిళ్ళ జారింది. నోరు తెరిచినప్పుడు గుండు దాని మీదకి ఎక్కుతూ టక్‌మంటోంది.
అంటే వాషర్! వాషర్ జారింది!

ఇరవై ఒక్క రోజుల నియమం:
రెండు వేళ్ళకి మించి నోరు తెరవకూడదు.
మెత్తటి తిండి.
ఆవలింత వస్తే గెడ్డం కింద పిడికిలి.
అరవకూడదు. (నేనా? అరుస్తానా?)
రోజూ రాసుకోవాలి. అందుకే ఈ పుస్తకం.

రెండు వేళ్ళంటే ఎవరి వేళ్ళు? అడగడం మరిచిపోయాను. నావి లేత్ వేళ్ళు, ఆవిడవి సన్నం. ఇరవై అయిదు మిల్లీమీటర్లు అని ఖాయం చేసుకున్నాను. షాపులో కొలతలు తీసే వెర్నియర్ కడిగి జేబులో పెట్టుకున్నాను. నియమమంటే ఇలా ఉండాలి!

జూన్ 3, మంగళవారం
ఉదయం 6:15. రీడింగ్ 24.6. భేష్.
7:30. రాగి అంబలి. 1:00. పెరుగన్నం. టక్కులు మొత్తం నాలుగే.
మా ఆవిడ గౌరీశ్వరి అంది: "పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఇయ్యాలే మీరు నా మాట పూర్తిగా ఇన్నారు."
సాయంత్రం 6:00. ఆశ ఏడుస్తోంది. మా అమ్మాయి, పళ్ళ డాక్టరు చదువు, మొదటి సంవత్సరం. అనాటమీ ఒక్కటే పోయింది. పద్నాలుగో తారీకున మళ్ళీ వైవా. ఇది కూడా పోతే ఏడాది పోతుంది. చదవక కాదు, ఎదురుగా ఎగ్జామినర్ కూర్చుంటే అన్నీ మరిచిపోతుంది.
"ఏది రావట్లేదమ్మా?"
"దవడ కీలు నాన్నా. బొమ్మ సూత్తే కదల్దు. కదలకపోతే నాకెలా అర్థమవుతాది?"
దేవుడా! అది నా దగ్గరే ఉంది కదా!

జూన్ 5, గురువారం
మధ్యాహ్నం 3:20. ఆశ కోసం కదిలే దవడ మోడల్ పని మొదలుపెట్టాను. ట్రైలర్ బేరింగ్ గుళ్ళు రెండు. గుంటలు లేత్ మీద తీశాను. బిళ్ళలకి లారీ చక్రం వెనక వేలాడే మడ్‌ఫ్లాప్ రబ్బరు. కండరాలకి స్ప్రింగులు. పళ్ళు కూడా పెట్టాను, పదహారు నట్లు.
చెవి ముందు వేలు పెట్టుకుని గంటసేపు చూసుకున్నాను. ఆశ్చర్యం! నోరు కొంచెం తెరిచేంత వరకు గుండు ఉన్నచోటే తిరుగుతుంది, తలుపు మడతబందులాగా. ఇంకా తెరిస్తే గుంటలోంచి ముందుకి జారుతుంది, సొరుగులాగా. తలుపూ సొరుగూ ఒకే కీలులో! పైగా రెండు పక్కలా ఒకేసారి. ఇలాంటి జాబ్ ఎవరైనా తెస్తే కుదరదని పంపించేసేవాణ్ణి.
మా బావమరిది ఎల్లారావు పక్క షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. వచ్చి చూశాడు.
"ఇదేటి బావా, మొసలా?"
"మనిషి."
"మనిసైతే పదకొండు కేజీలు తూగుతాదేటి, దవడొక్కటే?"
రీడింగ్ 25.0. సరిగ్గా.

జూన్ 8, ఆదివారం
12:50. ఇంట్లో మటన్.
1:10. ముక్క మెత్తగా ఉడికింది. కాబట్టి మెత్తటి తిండే.
1:25. మూలుగ ఎముక కొరకలేదు. పీల్చాను. పీల్చాలంటే నోరు ముయ్యాలి. అసలు దవడకి ఇంతకంటే మంచి విశ్రాంతి లేదు.
2:00. రీడింగ్ 31. వేసవికి ఇనుము సాగుతుంది. వెర్నియర్ తప్పు.

జూన్ 10, మంగళవారం
ఉదయం 10:15. ఘోరం! ఎల్లారావు నా మోడల్‌తో కొబ్బరికాయ పగలగొట్టాడు. కుడి బిళ్ళ చీలిపోయింది.
అరిచాను. అవతలి షెడ్డులో గ్రైండరు ఆగింది.
"సూడు బావా, మంచి పట్టుంది. నాను మెచ్చుకుందామని..."
మళ్ళీ అరిచాను. అది కోపంతో కాదు, వైద్య విద్య కోసం. ఆ రకం అరుపు నియమంలో లేదు.
4:00. ఆవలింత. గెడ్డం కింద పిడికిలి పెట్టాను. చేతికి గ్రీజు ఉందన్న సంగతి మరిచాను. డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను, గెడ్డం నల్లబడింది.
రీడింగ్ 38. దీన్ని లెక్కలోకి తీసుకోవట్లేదు.

జూన్ 12, గురువారం
సాయంత్రం 5:00. ఆశ షాపుకి వచ్చింది. మోడల్ పట్టుకుని కదిలించి చూసింది. బిళ్ళ కొత్తది వేశాను. తర్వాత నా చెవి ముందు వేలు పెట్టింది.
"తెరువు నాన్నా. ఆ... ఇంకొంచెం. ఇప్పుడు జారతంది. నాకు తెలుత్తంది!"
"నా నియమం..."
"అయ్యో, వద్దులే."
వద్దులే అన్న ముఖం చూశాను. తెరిచాను. పన్నెండు సార్లు. పన్నెండు టక్కులు.
తర్వాత లేత్ ముందు స్టూలు మీద నిలబడి, మోడల్‌ని ఎగ్జామినర్ అనుకుని పది నిమిషాలు ఆగకుండా చెప్పింది. గుండు, గుంట, బిళ్ళ, గుంట ముందున్న ఎముక గుట్ట, అన్నీ. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు.
రీడింగ్ తీసుకోలేదు. కళ్ళు మసకగా ఉన్నాయి.

జూన్ 14, శనివారం
1:40. ఫోన్ రాలేదు. 1:55. రాలేదు. గోళ్ళు కొరుకుతున్నాను. కొరకడం గురించి డాక్టరమ్మ ఏమీ అనలేదు.
2:20. ఫోన్! ఏడుపు.
"నాన్నా... మొత్తం సెప్పేసాను. ఇంక సప్లిమెంటరీకి రాకమ్మా అన్నారు సారు. ఎవరు నేర్పారంటే మా నాన్న, లేత్ పని అన్నాను."
అరిచాను. ఆటోనగర్ అంతా వినపడేలా.
టక్ రాలేదు. 'కడక్' వచ్చింది.
నోరు మూతపడలేదు.
2:22. ఇంకా లేదు.
2:25. ఫోన్‌లో ఆశ, "సాల్లే నాన్నా, అరిసింది సాలు" అంటోంది. నేను "ఆ... ఆ..." తప్ప ఏమీ అనలేను.
2:30. ఎల్లారావు వచ్చాడు. ముందుగా చేసిన పని ఏమిటి? వెర్నియర్ తెచ్చి కొలిచాడు. "నలభై ఏడు బావా!" తర్వాత, "పెస్సు మిషన్‌లో పెట్టి నొక్కేద్దామా?" తల అడ్డంగా ఊపాను. చాలాసార్లు.
3:05. ఆటోలో రాస్తున్నాను. ఎదుటి సీటులో ముసలావిడ నన్ను చూసి ఆవలించింది. పక్కనాయన ఆవలించాడు. అద్దంలో చూసి డ్రైవరు కూడా! ఎన్.ఏ.డి. కూడలి దగ్గర ఇంచుమించు బస్సు కిందకి వెళ్ళాం.
3:15. ఎల్లారావు నా ముఖం మీద తువ్వాలు కప్పాడు. ఇప్పుడు పక్క బండ్లవాళ్ళు దణ్ణం పెడుతున్నారు.

5:30. జరిగింది ఇదీ. ఆశ కాలేజీ నుంచి నేరుగా క్లినిక్‌కి వచ్చింది. గుండు గుట్ట దాటిపోయి, అవతల ఇరుక్కుందట. సత్యశ్రీ గారు బొటనవేళ్ళకి గాజుగుడ్డ చుట్టుకుని నా కింది దంతాల మీద పెట్టారు. ఆశ వైపు తిరిగారు.
"ఎటు తొయ్యాలమ్మా?"
నా బిడ్డ నా చెవి ముందు వేలు పెట్టింది. గొంతు వణకలేదు.
"ముందు కిందకి మేడమ్. గుట్ట దిగాక వెనక్కి."
కిందకి. వెనక్కి. పళ్ళు ఠప్పున కలిశాయి. గాజుగుడ్డ ఎందుకో అప్పుడు అర్థమైంది.
ఏడుపొచ్చింది. ఆశ గెడ్డం కింద అరచెయ్యి పెట్టి గట్టిగా పట్టుకుంది.
"ఏడకు నాన్నా. ఏడిత్తే మళ్ళీ తెరుసుకుంటాది."

జూన్ 15, ఆదివారం
రోజు 1. ఇరవై ఒక్కటీ మళ్ళీ మొదటి నుంచి.
ఉదయం 7:00. తల నుంచి గెడ్డం దాకా కట్టు. రీడింగ్ 12. అంబలి. ఇంట్లో చేపల వాసన. అయినా సరే.
10:30. ఆశ క్లాసువాళ్ళు ఆరుగురు వచ్చారు, పుస్తకాలతో. ఒకమ్మాయి నా చెవి వైపు వేలు చాచింది: "అంకుల్, ఒక్కసారి తెరుత్తారా?"
ఆశ మధ్యలోకి వచ్చేసింది. "మా నాన్న దవడకి సెలవు. నా దాని మీద పెట్టు వేలు."
వరసగా ఆరుగురూ పెట్టారు. అది చెప్తోంది. మధ్యలో ఒకడు ప్రశ్న వేశాడు. నవ్వి మళ్ళీ చెప్పింది.
నేను మూల కుర్చీలో కూర్చుని విన్నాను. నోరు పన్నెండే.
కానీ గౌరీశ్వరి నన్ను చూసి నవ్వుతోంది. ఎందుకా అని వెర్నియర్ తీసి, ఈసారి నా పెదవులకి అడ్డంగా పెట్టి కొలిచాను.
డెబ్బై ఒకటి. అడ్డంగా ఎంతవరకు అన్నది డాక్టరమ్మ చెప్పలేదు.