లైసెన్స్ వచ్చాక కూడా

మార్చి 3, ఉదయం 8 గంటలు

మెడ బోసిగా ఉంది. చెరువు గట్టున కారు ఆపుకుని ఫ్లాస్కులో టీ తాగుతుంటే బైకు మీద ఒకడొచ్చి, కత్తి చూపించి, నా గొలుసూ డ్రైవింగ్ మాస్టారి వాచీ పట్టుకుపోయాడు. మాస్టారు పోలీస్ స్టేషన్‌కి పోదామన్నారు. వద్దన్నాను. ఎందుకని అడగలేదు. మంచి మనిషి.

మార్చి 4

కొక్కెం ఊడితే గొలుసు రిపేరుకిచ్చానని అమ్మాయికి చెప్పాను. నమ్మేసింది. అబద్ధమాడటం ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేదాన్ని.

వాళ్ల నాన్న పోయాక ఇంట్లో దిగులుగా కూర్చోవద్దని నన్ను డ్రైవింగ్‌లో చేర్పించింది అదే. ఇన్ని నెలలైనా రాలేదా, ఇంత మొద్దువేంటమ్మా అని రోజూ ఏడిపిస్తుంది. లైసెన్స్ ఫిబ్రవరిలోనే వచ్చేసింది. బీరువాలో చీరల కింద ఉంది.

మార్చి 5

మా కళ్లజోళ్ల షాపులో ఎవరిదో ఫ్రేము సరిచేయబోయి అద్దాలు అటుదిటు, ఇటుదటు బిగించాను.

మార్చి 7

బైకూ కత్తీ అవేనట, వాడే పక్క వీధి నర్సు చెయ్యి కోసి గాజులు లాక్కుపోయాడు. కుట్లు పడ్డాయి. నేను నోరు విప్పి ఉంటే ఆవిడ చెయ్యి బాగుండేదేమో. సిగ్గేసింది. మాస్టారికి ఫోన్ చేశాను. ఇద్దరం వెళ్లి కంప్లయింట్ ఇచ్చాం. ఇన్నాళ్లూ ఏం చేశారని ఎస్సై అడిగితే భయపడ్డామని రాయించాం.

అమ్మాయికి కూడా చెప్పాను, డ్రైవింగ్ క్లాసులో జరిగిందని. సగం నిజం.

మార్చి 20

దొంగ దొరికాడు. సొత్తు దొరకలేదు. నర్సు వాడి మొహం చూడలేదట, మేమిద్దరం చూశాం. కేసంతా మా ఇద్దరి సాక్ష్యం మీదే.

సెప్టెంబర్ 9

ప్రభుత్వ లాయరమ్మ పిలిపించింది. ఆలస్యం ఒక్కటే కేసును చంపదట. దానికి నమ్మదగిన కారణం చెప్పలేకపోతేనే, తీరుబడిగా కథ అల్లుకొచ్చారంటారట. పైగా ఎదుటి లాయరు నా లైసెన్స్ తేదీ సంపాదించాడు. మరి మార్చిలో క్లాసేమిటండీ అని ఆవిడ అడిగింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆవిడ నవ్వాపుకుని, కోర్టులో నిజమే చెప్పమంది.

నిజమట! మాస్టారికే చెప్పలేదు ఇంతవరకూ.

సెప్టెంబర్ 12

కోర్టులో నర్సు సాక్ష్యం అయ్యాక నేను. ఒక సాక్షి చెప్పేది ఇంకో సాక్షి వినకూడదని మాస్టారిని బయట కూర్చోబెట్టారు. అమ్మాయి రెండో వరసలో. ఎదుటి లాయరు లైసెన్స్ కాగితం ఆడిస్తూ, క్లాసూ లేదు దొంగా లేడు, నాలుగు రోజులు కూర్చుని వండిన కథ ఇది అన్నాడు. నర్సు చేతి మీద కుట్ల గీత కనిపించింది. ఇక ఆగలేకపోయాను.

"క్లాసులు అయిపోయాయండీ. మాస్టారంటే నాకు ఇష్టం, అందుకే వెళ్తున్నాను. ఆ సంగతి మా అమ్మాయికి ఎలా చెప్పాలో తెలీక కంప్లయింట్ ఇవ్వలేదు."

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఫ్రేము వదులైంది పాపం, మా షాపుకొస్తే బిగించి ఇస్తాను.

తర్వాత మాస్టారు. నేను వెనక బెంచీలో కూర్చుని చీర కొంగు నలుపుతున్నాను. అదే ప్రశ్న. నాలుగు రోజులు ఎందుకు ఆగారని.

"ఆవిడంటే నాకు ఇష్టమండీ. ఆవిడకింకా చెప్పలేదు. కంప్లయింట్ వద్దన్నారు, ఆవిడ పేరు నలుగురి నోళ్లలో పడకూడదని ఊరుకున్నాను."

ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారని ఎదుటి లాయరు ఎగిరాడు. కూడబలుక్కునే ధైర్యమే ఉంటే కోర్టు దాకా ఎందుకొచ్చేది?

సంతోషంగా ఉంది, చెప్పలేనంత. అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. ముందే చెప్పి ఉంటే మొద్దని తిట్టేదాన్ని కాదుగా అంది.

సెప్టెంబర్ 30

శిక్ష పడింది. ఆలస్యానికి చెప్పిన కారణం సహజంగా ఉందని తీర్పులో రాశారు. నర్సు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అక్టోబర్ 1, ఉదయం 6 గంటలు

నేను లేచేసరికే అమ్మాయి ఫ్లాస్కులో టీ పోసి ఉంచింది. పక్కన రెండు కప్పులు. క్లాసుకి టైమైంది.