నిజాంసాగర్ కట్ట మీద షికారు

ఆదివారం

ఆయన గుండెకు స్టెంట్ వేశాక ఇద్దరం ఇవాళే మొదటిసారి షికారు. బాన్సువాడ నుంచి నిజాంసాగర్ దాకా స్కూటీ నేనే నడిపాను. కట్ట మీద ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఆయనకు తెలియకుండా నాడి చూస్తూనే ఉన్నాను.

చేపలు వేయించే అవ్వ నవ్వింది. "కొత్తగ లగ్గమైందా బిడ్డా? చెయ్యి ఇడుస్తలెవ్వు!"

జుట్టు నెరిశాక కూడా సిగ్గేసింది. ఆయన నా చెవిలో, "నాడి కొట్టుకుంటనే ఉంది తియ్యే, ఇగ నీళ్లు చూడు," అన్నారు.

చూశాను. సముద్రమంత నీళ్లు. పొద్దు గుంకేదాకా అక్కడే కూర్చున్నాం.

ఇప్పుడు గురక పెడుతున్నారు. ఇన్నాళ్లూ ఆ గురక ఆగితే ఉలిక్కిపడి లేచేదాన్ని. ఈ రాత్రి మాత్రం వింటుంటే విసుగొస్తోంది. పక్క గదిలో పడుకుంటాను.

తలుపు తెరిచే ఉంచుతాను...