అహ్మదిలో గడ్డి మైదానం

సత్తిబావా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ ఎడారి దేశంలో నువ్వు చూడాలని కలవరించిన అహ్మది ఊరి గడ్డి మైదానం నిన్న చూశాను. మనం పనిచేసే వఫ్రా నుంచి మన తోటల క్రికెట్ జట్టుతో, చేతిలో గీత పుస్తకంతో పికప్పులో వెళ్లాను. విశ్వరూపం చూసిన అర్జునుడిలా నిలబడిపోయాను.

ఇసుకలో ఆడిన అలవాటు కదా, బంతి దొర్లదని మనవాళ్లు అన్నీ పైకే లేపి క్యాచ్‌లిచ్చారు. చివరి బంతికి నాలుగు కావాలి, బ్యాటు సూరిగాడి చేతిలో ఉంది. గడ్డిమీద నేలబారుగా కొట్టాలని నువ్వనేవాడివి. తోటల్లో మనవాళ్లకి గీత చెప్పే గొంతుతోనే అరిచాను.

"సూరిగా, నేలమీద కొట్టరా! ఇది ఇసక కాదెహే, గడ్డి!"

"స్వామీ, భజన మెల్లగా కానీండి, చెవులు పోతున్నాయ్!" అన్నాడు పక్కనున్న తెలుగాయన, ఎదుటి అహ్మది జట్టు అభిమాని.

సూరిగాడు నేలబారుగా కొట్టిన బంతి ఎక్కడా ఆగకుండా దొర్లుకుంటూ బౌండరీ తాడు దాటి నా కాళ్ల దగ్గరికొచ్చింది. గెలిచాం బావా! గీత నా చేతిలోనే ఉంది గాని, నిన్నటి ఉపదేశం నీది.