రెండో కాపు అని రాశాను

బూన్ లే, సింగపూర్
ఆదివారం

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం గురువారం చేరింది. నీ మోకాలు ఎలా ఉంది? డాక్టరు ఇచ్చిన పట్టీ కట్టుకుంటున్నావా, పొగాకు కాల్చే బ్యారన్ గోడకు తగిలించి వదిలేశావా? వదిన బి.పి. మాత్రలు మానలేదు కదా. పొగాకు నారుమళ్ళ సంగతి నువ్వు రాయలేదు, ఈసారి రాయి. ఇక్కడ మేం ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. ఆయనకు సైన్స్ పార్కులో పని ఎక్కువైంది. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయట, వాటిని ముందే సరిచేసే పని. శ్రావణి బడికి బాగానే వెళుతోంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పి, ఇక్కడివాళ్ళలాగే చివర 'లా' అని తగిలిస్తోంది. రోజూ సాయంత్రం వాన పడుతుంది, అరగంటలో ఆగిపోతుంది. నా గురించి కంగారు పడకండి.

కంగారు పడవద్దని రాశాను కాబట్టి కారణం కూడా రాయాలి. ఈ నెలాఖరుతో ఉద్యోగంలో నా ప్రొబేషన్ ముగుస్తుంది. కంపెనీ ఖాయం చేస్తే పనిచేసే అనుమతి ఉంటుంది. చేయకపోతే ఆయన వీసా మీద వచ్చిన భార్యగా ఇంట్లో ఉండాలి. పద్దెనిమిదేళ్ళు ఒంగోలులో పేపరుకు మార్కెట్ వార్తలు రాసి ఇక్కడికి వచ్చాక, మొదటి ఏడు నెలలు అలాగే ఉన్నాను. ఫోన్లో మీకు చెప్పలేదు. మధ్యాహ్నం మా అంతస్తులో లిఫ్టు ఆగిన చప్పుడైతే తలుపు దాకా వెళ్ళి నిలబడేదాన్ని. ఎవరూ వచ్చేవారు కాదు. ఆ రోజులు మళ్ళీ రాకూడదని ఈ ఉద్యోగాన్ని గట్టిగా పట్టుకున్నాను.

మా కంపెనీ ఫ్రాన్సు నుంచి వైన్ తెప్పించి హోటళ్ళకు అమ్ముతుంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా అమ్మాలని వెబ్‌సైటు పెడుతున్నారు. ఏ సీసా ఏ నేల నుంచి వచ్చిందో తప్పుల్లేకుండా రాసే మనిషి కావాలన్నారు. అది నా పని. వైన్ అనగానే వదిన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను తాగడం లేదు. నోట్లో పోసుకుని, రుచి చూసి, బకెట్లో ఉమ్మేయాలి. వృత్తి పద్ధతే అది. బళ్ళో టీచరు "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగితే శ్రావణి "మా అమ్మ ఆఫీసులో ఉమ్ముతుంది" అని చెప్పి వచ్చింది. రోడ్డు మీద ఉమ్మితే జరిమానా వేసే దేశం ఇది. అది విని మా ఆయన మూడు రోజులు నవ్వారు.

ఆఫీసు, గోడౌను ఒకే చోట, మా ఫ్లాటుకు దగ్గర్లోనే. గోడౌన్ని ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. బయట చెమటలు కారుతుంటే లోపల నేను స్వెట్టర్ వేసుకుంటాను. వారానికి రెండు సాయంత్రాలు కంపెనీ తరఫున ఒక కోర్సుకు వెళుతున్నాను. ఈ మూడు నెలలుగా చదువుతున్నదంతా ఒక్క ప్రాంతం గురించే. దాని పేరు బోర్డో. నీకు నచ్చే సంగతులు ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఫ్రాన్సుకు పడమటి ఒడ్డున రెండు నదులు కలిసి వెడల్పాటి పాయగా సముద్రంలోకి పోతాయి. ఆ పాయకు ఎడమ ఒడ్డున మెడాక్ అనే సన్నటి పట్టీ ఉంది. అక్కడి పేరున్న తోటలన్నీ గులకరాళ్ళ మిట్టల మీద ఉన్నాయి. మిట్ట అంటే కొండ అనుకోకు. సైకిలు తొక్కుకుంటూ పోతే కాళ్ళకు మాత్రమే తెలిసే ఎత్తు. క్లాసులో ఆ రాళ్ళు ఒక డబ్బాలో పోసి అందరి చేతికీ ఇచ్చారు. నున్నగా, కొన్ని తెల్లగా, కొన్ని తేనె రంగులో, పావురం గుడ్డంత ఉన్నాయి. మన ఊళ్ళో అయితే ఆ చేలో పచ్చిరొట్టకు జీలుగ కూడా చల్లరు. వాళ్ళు చెప్పేదేమిటంటే, ఆ రాళ్ళలో నీళ్ళు నిలవవు, కాబట్టి వేరు కిందికి పోతుంది. పగలు పట్టిన వేడిని రాయి రాత్రికి తీగకు ఇస్తుంది. పడమట పైన్ చెట్ల అడవి సముద్రపు గాలిని ఆపుతుంది. పక్కనున్న పాయ నీళ్ళు వసంతంలో మంచు దెబ్బను తగ్గిస్తాయి. పేరున్న తోటలకు నీళ్ళు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. వాన ఎంత పడితే అంతే. ఇప్పుడు అక్కడ కోతల కాలం, రోజూ ఆకాశం వంకే చూస్తూ ఉంటారు.

గులకరాళ్ళ మీద కాబెర్నె అనే ఆలస్యంగా పండే రకం వేస్తారు. బంకమట్టి ఉన్నచోట మెర్లో అనే రకం వేస్తారు. ఒక్క రోడ్డు దాటితే రకం మారుతుంది. ఎర్రచెక్కు నేలలో పండిన పొగాకునీ రేగడిలో పండినదాన్నీ నువ్వు కళ్ళు మూసుకుని వేళ్ళతో పట్టి చెబుతావు. అలాంటి మనుషులు తరాలుగా ఒకే చోట ఉండి, తెలిసినదంతా రాసిపెట్టుకుంటే ఎలా ఉంటుందో అది బోర్డో. ఇన్నేళ్ళు పంటల గురించి రాశాను కానీ, నేల గురించి ఇంత ఓపికగా రాసుకున్నవాళ్ళను నేను చూడలేదు.

తోటలకు తరగతులు కూడా ఉన్నాయి. 1855లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. దాని కోసం మెడాక్ వైన్ల జాబితా ఇమ్మంటే బోర్డో బ్రోకర్లు ఇచ్చారు. కొత్తగా నేల తవ్వి చూడలేదు, పోటీ పెట్టలేదు. ఏ తోట వైన్ ఏళ్ళ తరబడి ఏ ధరకు పోతోందో వాళ్ళకు తెలుసు, దాన్నిబట్టి ఐదు తరగతులు చేశారు. ఆ జాబితా ఈ రోజుకీ నడుస్తోంది. అందులో పై తరగతికి ఎక్కిన తోట ఇన్నేళ్ళలో ఒక్కటే. మన పొగాకు వేలం ప్లాట్‌ఫారం మీద ఒకే బ్యారన్‌లోంచి వచ్చిన రెండు బేళ్ళకు రెండు గ్రేడ్లు పడతాయి. అక్కడ తోట పేరుకే గ్రేడు. తోటవాళ్ళు పక్క చేను కొని కలుపుకున్నా తరగతి మారదు. దీన్ని తప్పు పట్టేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వాదనలోనూ నిజం ఉంది. అయినా నాలుగైదు తరాల తర్వాత కూడా కొనేవాడు చదివి నమ్మే జాబితా రాశారంటే, ఆ బ్రోకర్లు పని తెలిసినవాళ్ళు.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. ఆ తరగతులను ఇంగ్లీషులో ఫస్ట్ గ్రోత్, సెకండ్ గ్రోత్ అంటారు, అలా ఫిఫ్త్ దాకా. కోర్సులో ఆ పాఠం రాకముందే కంపెనీ క్యాటలాగు రాయాల్సి వచ్చింది. మూడో పేజీలో సెకండ్ గ్రోత్ అంటే ఏమిటో ఒక వాక్యంలో చెప్పాలి. ఆ మాట చూడగానే నాకు మన హైదరాబాదు వైపు ద్రాక్షతోటలు గుర్తొచ్చాయి. ఏడాదికి రెండుసార్లు కత్తిరించే తోటల గురించి నేనే ఎన్నో వార్తలు రాశాను. మిరపలో, వంగలో రెండో కాపు తెలుసు. 'మొదటి కోత అయ్యాక అదే తీగకు వచ్చే రెండో కాపు, కొంచెం తేలిక రకం' అని ఇంగ్లీషులో శుభ్రంగా రాశాను. అనుమానం కూడా రాలేదు.

క్యాటలాగులు అచ్చయి మంగళవారం గోడౌనుకు వచ్చాయి. శుక్రవారం హోటళ్ళకు పంపాలి. కవర్లలో పెడుతున్నది రాములు అంకుల్. ఆయన మా స్టోర్‌కీపరు. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట, ఈయన ఇక్కడే పుట్టాడు. తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడతాడు. 'భోంచేశావా' అనడానికి బదులు రోజూ నన్ను "ఏటమ్మా, మకాన్ అయినాదా?" అని అడిగే మనిషి. ఆ రోజు ఒక క్యాటలాగు తెరిచి పట్టుకుని వచ్చాడు.

"ఏటమ్మా ఇది, రెండో కాపు సరుకని రాసినావు?"

"అవును అంకుల్."

"మరి దానికి తాళం దేనికి? ఆ పెట్టెలన్నీ ఇనప జాలీలో ఎట్టి, తాళం చెవి మేడమ్ దగ్గరుంచుతారు కదా. మా తాత ఊర్లో రెండో కాపు వంకాయలు పక్కింటోళ్ళకి ఊరికే ఇచ్చేసేటోరంట."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తేలిక రకాన్ని ఎవరూ తాళం వేసి దాచరు. కోర్సు పుస్తకం తీసి, ఇంకా చెప్పని పాఠం అక్కడే నిలబడి చదివాను. ఫ్రెంచిలో క్రూ అనే మాట ఉంది. పెరగడం అన్న అర్థం నుంచి వచ్చింది. ఫలానా చోట పెరిగిన పంట, అంటే ఆ తోట అనే అర్థం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని గ్రోత్ అన్నారు. సెకండ్ గ్రోత్ అంటే రెండో తరగతి తోట, అంటే లోకంలోని మేలైన వైన్లలో ఒకటి. అక్కడ తీగకు ఏడాదికి ఒక్కటే కోత. నేను దాన్ని పక్కింటికి ఊరికే ఇచ్చే వంకాయల కింద జమకట్టి రాశాను.

నా మొహం చూసి అంకుల్‌కు అర్థమైంది. "నాను అడగలేదనుకో అమ్మా. ఓటేలోళ్ళు రేటు సూత్తారు గానీ రాత సూడరు. నెలాఖరు దాటనీ, అప్పుడు సెప్పుకో."

"నేను చూశాను కదా అంకుల్."

"సూసినావులే. అయితే ఇప్పుడే పో, మళ్ళీ ఆలోసిత్తే పోలేవు."

చువా మేడమ్ మా యజమాని. యాభై దాటిన చీనా ఆవిడ. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషు, నేను మన మాటల్లో రాస్తున్నాను. వెళ్ళేసరికి నా ప్రొబేషన్ కాగితం ఆవిడ బల్ల మీద, ఒక ఫైలు కింద సగం కనిపిస్తోంది. తప్పు ఏమిటో, ఏ పేజీలో ఉందో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"ఎవరు కనిపెట్టారు?"

"రాములు అంకుల్ అడిగారు. పుస్తకం చూసి నేను తేల్చుకున్నాను."

"నేనూ చదివే అచ్చుకు పంపాను. ఆ పేజీ దాటేసి ఉంటాను, లా." కళ్ళజోడు తీసి, "ఎక్కడి నుంచి తెచ్చావు ఈ రెండో కోత?" అంది.

ద్రాక్ష కత్తిరింపులు, మిరప, వంకాయ అన్నీ చెప్పాను.

"అంటే వ్యవసాయం తెలుసు కాబట్టి తప్పు రాశావు. తెలియనివాళ్ళయితే గ్రోత్ అంటే ఏంటని నన్ను అడిగేవాళ్ళు."

ఆ మాట నిజం అన్నయ్యా. తెలియనివి అడగడం నాకు అలవాటే. తెలుసనుకున్న మాటను అడగలేదు.

"మీ పేపర్లో ఇలాంటప్పుడు ఏం చేస్తారు?"

"మర్నాడు సవరణ వేస్తాం. ఏది తప్పు, ఏది నిజం, రెండూ చెబుతాం."

"రాసి పట్రా. ఒక చీటీ. కింద నీ పేరు పెట్టు."

"సవరణ కింద పేరు పెట్టరు మేడమ్."

"ఇక్కడ పెడతారు. హోటలువాడికి అనుమానం వస్తే ఎవర్ని అడగాలి, సెక్యూరిటీ గార్డునా?"

నాలుగు వాక్యాలు రాశాను. విశేషణాలు లేవు. 'మూడో పేజీలో సెకండ్ గ్రోత్ గురించి మేం రాసింది తప్పు' అన్నది మొదటి వాక్యం. అలా ఈ దేశంలో నా పేరు మొదటిసారి అచ్చయింది. గురువారమంతా నేను, అంకుల్ కూర్చుని ప్రతి క్యాటలాగులో చీటీ పెట్టాం. "ఇన్నాళ్ళు రాసినవన్నీ గొప్పలే, ఇదొక్కటే సదివి నాకు అర్థమైనాది" అన్నాడు. పొగడ్తో వెక్కిరింతో అడగలేదు.

శుక్రవారం పొద్దున కొరియరు వెళ్ళిపోయింది. నిన్న శనివారం మాకు సగం పూట పని. పదకొండింటికి ఒక పెద్ద హోటల్లో వైన్ కొనే ఆయన ఫోన్ చేసి చీటీ మీద పేరున్నావిడ కావాలన్నాడు. ఫిఫ్త్ గ్రోత్ అంటే అన్నిటికన్నా నాసిదా అని ఆయన అనుమానం. కాదు, జాబితాలోకి ఎక్కడమే గొప్ప అని చెప్పి, ఆ జాబితా ఎలా పుట్టిందో వివరించాను. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మేడమ్ గుమ్మంలో నిలబడి విని వెళ్ళిపోయింది. పన్నెండున్నరకు వచ్చి నా బల్ల మీద ఒక చిన్న కాగితం పెట్టింది. విజిటింగ్ కార్డు ప్రూఫు. నా పేరు, దాని కింద కంపెనీ పేరు, ఫోన్ నంబరు.

"స్పెల్లింగ్ చూసుకో. ఈసారి అచ్చుకు పోకముందే," అంది.

మూడుసార్లు చూశాను. అక్షరం తప్పు లేదు. ఉద్యోగం ఖాయం చేసిన ఉత్తరం మంగళవారం ఇస్తారట.

నీకొక పని చెబుతున్నాను. మన వైపు నేలల పేర్లు ఎన్ని ఉంటే అన్నీ, ఏ పేరు ఏ నేలకో ఒక్కో మాట అర్థంతో రాసి పంపు. గరప, చవుడు, దువ్వ నాకు తెలుసనుకుంటున్నాను. అందుకే అవి కూడా రాయి. వదినను నువ్వులపొడి పంపమను. ఆకు ముక్క మాత్రం పార్శిల్లో పెట్టవద్దు, ఇక్కడి కస్టమ్స్‌వాళ్ళు పొగాకును ఊరుకోరు.

పెద్దమ్మకు నా తరఫున దణ్ణం పెట్టు. పక్కింటి మాస్టారు గారిని అడిగానని చెప్పు. ఇక్కడ మా ఆయన, శ్రావణి మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమన్నారు. మేం బాగున్నాం, నువ్వు పట్టీ కట్టుకో. మీ ఇద్దరి దీవెన మా మీద ఉండాలని కోరుకుంటూ,

నీ చెల్లెలు
పద్మ