మూడేళ్ళ అనుభవం

పదో తేదీ

ప్రియమైన వదినా,

క్షేమంగా ఉన్నానని రాయాలి, ఉత్తరం అలాగే కదా మొదలుపెట్టాలి. ఒంట్లో బాగానే ఉంది. మిగతాదే ఏమీ బాగాలేదు. ఫోను చేయకుండా ఈ పిల్ల ఉత్తరం రాసిందేమిటా అనుకుంటున్నావేమో. హాస్టల్ గదిలో నాతోపాటు ఇద్దరు నర్సులున్నారు, ఇద్దరూ మా వార్డువాళ్ళే. నేను తుమ్మినా హెడ్ నర్సుకి తెలిసిపోతుంది. అందుకే బట్టలు ఉతికే గదిలో గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

నాకు భయంగా ఉంది వదినా. ఆ మాట ముందు చెప్పేస్తే తప్ప మిగతాది రాయలేను.

నేను అప్లై చేసింది ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికే కదా? నాకొచ్చిన పని రక్తం తీయడం, సీసాల మీద పేర్లు రాయడం, పరీక్షకి పంపడం. ఇక్కడ నన్ను డయాలసిస్ వార్డులో వేశారు. ఇంటర్వ్యూలో "ఎప్పుడు చేరతారు?" అని తప్ప పెద్దగా ఏమీ అడగలేదు. చేరిన రోజు, ఏదో పొరపాటు జరిగిందేమోనండీ అంటే, "మీ రెస్యూమె చూసే ఈ వార్డుకి వేశాం, మీలాంటివాళ్ళ కోసమే వెతుకుతున్నాం" అన్నాడు ఆఫీసు గుమాస్తా. అనుభవం సర్టిఫికెట్ నెలాఖరులోపు తెచ్చిమ్మన్నాడు. ఏం అనుభవం వదినా?

వార్డులో ఆరు మెషిన్లు. వాటిని చూసే సీనియర్ అక్క నిండు గర్భిణి. ఏ పని చూపించబోయినా "నీకు చెప్పక్కర్లేదుగా" అంటుంది. నేను తలూపుతాను. ముప్ఫై ఏడు చోట్లకి పంపితే వచ్చిన ఒకే ఒక్క ఉద్యోగం ఇది.

అమ్మని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళి, మూడేళ్ళు ఆ కుర్చీ పక్కనే ఉన్నమాట నిజమే. అమ్మకి దుప్పటి కప్పడం తెలుసు, కాళ్ళు పట్టడం తెలుసు. మెషిన్ మీద ఏ మీట ఎందుకో నాకేం తెలుసు? రోజూ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి బస్సు నడపడం వస్తుందా?

ఒకటో తేదీ నుంచి సీనియర్ అక్క కాన్పు సెలవు. పొద్దుటి షిఫ్టు నా చేతికిస్తారట. ఆ రోజు నీ టైపు షాపులో, పోస్టు కట్టే టైమైపోతోందని నువ్వు తొందరపెడితే, రెస్యూమె చివర "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న చోట చదవకుండానే సంతకం పెట్టేశాను. పైన ఏముంది వదినా? కాపీ ఉంటే వెంటనే పంపు.

నీ,
పిట్ట


పదమూడో తేదీ

మా పిట్టకి,

నీ ఉత్తరం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు షాపులో ఒక ప్లంబరు కవరింగ్ లెటర్ కోసం కూర్చున్నాడు. నా మొహం చూసి "ఏమైందమ్మా?" అంటే "మా మరదలికి పెళ్ళి సంబంధం కుదిరింది" అన్నాను. నోటికి ఏదొస్తే అదే. పాపం, అప్పటికప్పుడు నిన్ను దీవించి వెళ్ళాడు.

కాపీ దీంతో పెట్టాను. తప్పు నాదే, తల్లీ. నీకు ముందురోజు డయాలసిస్ టెక్నీషియన్ ఒకతను రెస్యూమె చేయించుకున్నాడు. నా పద్ధతి నీకు తెలియనిదా? పాత ఫైలు తెరిచి, దాని మీదే కొత్తవాళ్ళ పేరు, చదువు కొట్టేస్తాను. అతని అనుభవం గురించిన రెండు లైన్లు నీ పేరు కింద ఉండిపోయాయి. పోయినేడు ఒక డ్రైవరు రెస్యూమెలో ఎవరో అమ్మాయి నాట్యం డిప్లొమా ఉండిపోతే, ఇంటర్వ్యూలో అతన్ని నాలుగడుగులు వేసి చూపించమన్నారు. వచ్చి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఆ రోజు నవ్వాను. ఈసారి నవ్వు రావడం లేదు.

కానీ నా మాట విను. ఎవరికీ చెప్పకు. తప్పుడు వివరాలిచ్చిందని నీ టెక్నీషియన్ రిజిస్ట్రేషన్ తీసేస్తారు. అది పోతే ల్యాబులో సీసాలు కడగడానికి కూడా పిలవరు. సంతకం నీది, టైపు నాది. ఇద్దరం మునుగుతాం. ఇంకా పదిహేడు రోజులున్నాయి, కళ్ళూ చెవులూ తెరుచుకుని నేర్చుకో. లోకంలో అందరూ పనిలో దిగాకే నేర్చుకుంటారు. నేను టైపు నేర్చుకుని షాపు పెట్టానా? షాపు పెట్టాక టైపు నేర్చుకున్నాను.

మీ అన్నయ్యకి చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఈ కాగితం చదివి చించెయ్.

ఇట్లు,
మీ వదిన


పంతొమ్మిదో తేదీ

వదినా,

నీ ఉత్తరం చించేశాను. ఏం లాభం, అందులో ప్రతి ముక్కా కంఠతా వచ్చేసింది.

నువ్వు చెప్పినట్టే నేర్చుకుంటున్నాను. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, సీనియర్ అక్క ఏ మీట నొక్కితే అది బాత్రూములోకి వెళ్ళి రాసుకుంటున్నాను. ఎన్నిసార్లు వెళ్తున్నానో చూసి "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది నర్సు. మెషిన్ కడగడం, గొట్టాలు తగిలించడం వచ్చింది. అంతా సవ్యంగా ఉన్నంతసేపు నేను కూడా టెక్నీషియన్నే వదినా. ఏదైనా మోగిందంటే ఏం చేయాలో తెలియదు.

మొన్న అదే జరిగింది. ఆరో కుర్చీలో ఒక దర్జీ ఉన్నాడు, అరవై దాటినాయన. మెషిన్ ఉన్నట్టుండి కుయ్యిమంది. సీనియర్ అక్క అటుచివర ఉంది. మోత ఆపే మీట నాకు తెలుసు, నొక్కాను. ఆగింది. హమ్మయ్య అనుకుని నిలబడ్డాను. మోతతోపాటు రక్తాన్ని తిప్పే పంపు కూడా ఆగిపోయిందని నాకు తెలియదు. ఆయన చెయ్యి కింద గొట్టం మడతపడి ఉందనీ తెలియదు. అక్క పరుగున వచ్చి గొట్టం సరిచేసి, పంపు మళ్ళీ తిప్పింది. "ఇంకాసేపైతే గొట్టాల్లో రక్తమంతా గడ్డకట్టేది. ఆయనకున్న రక్తమే అంతంతమాత్రం. అలిసిపోయావా ఏంటి?" అంది. అంత జరిగినా నన్ను అనుమానించలేదు వదినా! అలసట అనుకుంది!

ఆమె వెళ్ళాక దర్జీ మెల్లగా అడిగాడు, "కొత్తా అమ్మా?" అని.

"లేదండీ, మూడేళ్ళు చేశాను" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. కాగితం మీద నువ్వు పొరపాటున కొట్టిన అబద్ధం నాదైపోయింది.

"అయితే పర్లేదు. ఎల్లుండి సూది నువ్వే గుచ్చు, ఆ అమ్మాయి కడుపుతో ఉంది, వంగలేకపోతోంది" అని చెయ్యి చాపి చూపించాడు. నరం ఉబ్బి ఉంది, అమ్మ చెయ్యిలాగే.

ఆయన చెప్పిన ఎల్లుండి ఇవాళే. కడుపునొప్పి అని చెప్పి వార్డుకి వెళ్ళలేదు. ఒకటో తేదీన ఏ నొప్పి అని చెప్పను? గొట్టంలో గాలి వెళ్తే మనిషి పోతాడట. అది కూడా పుస్తకంలో రాసుకున్నాను. సోమవారం హెడ్ నర్సుకి చెప్పేద్దామనుకుంటున్నాను.

నీ,
పిట్ట


ఇరవై రెండో తేదీ

పిట్టా,

చెప్పకు. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు.

దర్జీకి ఏమీ కాలేదు కదా? కానిదాని గురించి గుండెలు బాదుకోవడం ఎందుకు? భయపడేవాళ్ళే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. భయం లేనివాళ్ళతోనే ప్రమాదం. ఒకటో తేదీ లోపల ఆ మోతలన్నీ ఏవేవో నేర్చేసుకుంటావు, నాకు తెలుసు.

సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంటానన్నాగా, ఇదిగో, దీంతో పంపుతున్నాను. గుమాస్తా చేతికిచ్చి వచ్చెయ్. మాట్లాడకు, కూర్చోకు, నీళ్ళు కూడా తాగకు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నువ్వు.

పోస్టుకి టైమైంది.

మీ వదిన


ఇరవై ఐదో తేదీ

ప్రియమైన వదినా,

చెప్పేశాను.

నువ్వు పంపిన సర్టిఫికెట్ చూశాను. చూసుకుంటానని నువ్వు నాకెప్పుడూ అనలేదు, వదినా. అనుకుని ఉంటావు. అమ్మకి డయాలసిస్ చేసిన హాస్పిటల్ పేరు, ముద్ర, కింద డాక్టరు సంతకం. ఆ డాక్టరు అమ్మ చనిపోవడానికి ముందే అక్కడ మానేశాడు, నీకు గుర్తులేదేమో. అప్పుడు నువ్వు పంపిన రెస్యూమె కాపీ మళ్ళీ తీసి చూశాను. భయంలో మొదటిసారి సరిగ్గా చదవలేదు. ఆ డయాలసిస్ అతను పనిచేసింది కూడా అదే హాస్పిటల్. చేరిన నెల, మానేసిన నెల చూశాను. నేను అమ్మతో వెళ్ళడం మొదలుపెట్టిన నెల, అమ్మ పోయిన నెల. వేరేవాళ్ళ లైన్లు నా ఖాళీలో అంత కొలిచినట్టు ఎలా కూర్చున్నాయి వదినా?

సర్టిఫికెట్ గుమాస్తాకి ఇవ్వలేదు. హెడ్ నర్సు గదికి వెళ్ళాను. నాకు ఈ పని రాదు, మూడేళ్ళ అనుభవం లేదు, రెస్యూమె అబద్ధం అన్నాను. అరుస్తుందనుకున్నాను. ఆమె లేచి వార్డులోకి వెళ్ళి, నేను చేరినప్పటి నుంచీ ఎవరెవరి మెషిన్ ముట్టుకున్నానో పేర్లు చెప్పమంది. పదకొండు పేర్లు చెప్పాను. అందరి కాగితాలూ తెప్పించి ఒక్కొక్కటీ చూసింది. ఆ గంటసేపు నేను పడ్డ భయం పగవాళ్ళకి కూడా వద్దు. ఎవరికీ ఏమీ కాలేదు.

"రెస్యూమె ఎవరు రాశారు?" అంది.

"నేనే" అన్నాను.

వార్డుకి రావద్దన్నారు. శుక్రవారం పైవాళ్ళు కూర్చుని నా సంగతి తేలుస్తారట, రిజిస్ట్రేషన్ ఉంచాలో తీసేయాలో. అంతవరకూ గదిలోనే ఉంటాను. పక్క మంచాలవాళ్ళిద్దరూ నాతో మాట్లాడటం మానేశారు.

నిన్ను బయటపెట్టను. నాకు మాత్రం నిజం చెప్పు. పొరపాటేనా?

పిట్ట


ఇరవై తొమ్మిదో తేదీ

నా పిట్టకి,

పొరపాటు కాదు.

ముందురోజు ఏ డయాలసిస్ మనిషీ రాలేదు. ఆ రెండు లైన్లూ నేనే కొట్టాను, తేదీలు చూసుకుని మరీ కొట్టాను. ల్యాబ్ ఉద్యోగం అని నీకు చెప్పి, కవరు పైన డయాలసిస్ టెక్నీషియన్ పోస్టుకని రాసి పంపింది కూడా నేనే. ముప్ఫై ఏడుచోట్లా నిన్ను కాదన్నది ఆ మూడేళ్ళ ఖాళీ చూసే. అత్తయ్యని మోసుకు తిరిగిన మూడేళ్ళకి రెస్యూమెలో గడి లేదు. ఆ గదిలోనే ఉన్నావు కదా, ఎంతో కొంత వచ్చే ఉంటుందిలే అనుకున్నాను.

నీ మీద ప్రేమతో చేశానని రాస్తే సగమే నిజం. నువ్వు అత్తయ్య పక్కన కూర్చున్నన్నాళ్ళూ నేను షాపులో కూర్చున్నాను. నువ్వు పొద్దున్నే గుమ్మంలో నిలబడి పోస్టు కోసం చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చేది. నువ్వు ఏదో ఒక ఉద్యోగంలో పడి కళ్ళముందు నుంచి వెళ్ళిపోతే ఊపిరాడుతుందనుకున్నాను. ఛీ అనుకుంటావు. అనుకో. దర్జీ చెయ్యి చాపిన సంగతి చదివాక కూడా దొంగ సర్టిఫికెట్ చేసి పంపినదాన్ని, ఛీ అనకపోతే ఏమంటావు?

నిన్న మీ హాస్పిటల్‌కి వచ్చాను. నీ హాస్టల్ కిటికీ కూడా చూశాను, పైకి రాలేకపోయాను. హెడ్ నర్సు నన్ను నిలబెట్టే మాట్లాడించింది. మాటలు నావి, సంతకం మాత్రమే దానిది, అది చదవకుండా పెట్టింది అని నా చేత్తో రాసిచ్చాను. శుక్రవారం దాకా ఆగలేదు, వాళ్ళ పెద్దవాళ్ళకి అప్పుడే చూపించింది. ఉద్యోగం పోయినట్టే, పిట్టా. రిజిస్ట్రేషన్ జోలికి మాత్రం రారట. నా మీద ఫిర్యాదు పెడతారట, పెట్టమన్నాను. వచ్చేటప్పుడు ఒక మాట అంది: "నాకు ఇది రాదు అని చెప్పినవాళ్ళకే నేను నేర్పిస్తాను. వచ్చే శిక్షణకి అప్లై చేయమనండి. కాగితం తననే రాసుకోమనండి." మీ అన్నయ్యకి నీ సంగతంతా చెప్పాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. ఇది మీ అన్నయ్యకి కూడా తెలియదు.

నీ ఒక్కదానికే కాదు. పదకొండేళ్ళుగా షాపుకి వచ్చినవాళ్ళు "ఈ రెండేళ్ళూ ఖాళీగా కనిపిస్తున్నాయి, ఏదో ఒకటి పెట్టండమ్మా" అనేవాళ్ళు. పెట్టేదాన్ని. ఖాళీ పూడ్చడంలో నా అంతటిది లేదని పొంగిపోయేదాన్ని. నీ ఉత్తరం వచ్చాక షాపు మూసి, పాత ఫైళ్ళన్నీ తెరిచి లెక్కపెట్టాను. పందొమ్మిది మంది. ఇద్దరు డ్రైవర్లు, ఒక కరెంటు పనివాడు, పసిపిల్లల వార్డులో ఒక ఆయా. వాళ్ళలో ఎంతమంది నీలాగా వణుకుతూ పనిచేస్తున్నారో, ఎంతమందికి వణుకు కూడా పోయిందో నాకు తెలియదు.

ఒక్కొక్కరికీ ఫోను చేస్తున్నాను. ఆరుగురు దొరికారు. ముగ్గురు తిట్టారు, ఒకామె ఏడ్చింది, కరెంటు పనివాడు "ఇప్పుడు నాకు పని వచ్చేసిందిలెండి" అని పెట్టేశాడు. ఆయా మాత్రం పసివాళ్ళ పాల టైమైందని చెప్పి వెళ్ళిపోయింది.

ఒకడు మాత్రం దొరకడం లేదు. లిఫ్టులు బాగుచేస్తాడు, నాలుగేళ్ళ అనుభవం ఉన్నట్టు నేనే రాశాను. నంబరు మారిపోయింది. ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏయే మేడల్లో పనిచేశాడో తెలియదు. హెడ్ నర్సు గది ఐదో అంతస్తులో కదా, నిన్న మెట్ల మీదే ఎక్కాను.

ఇట్లు,
మీ వదిన