అత్తమ్మ వడ్డాణం

అక్కా,

ఈ పొద్దు నీ కూతురి పెళ్ళి జరిగింది. నువ్వు బతికి లేవని, కన్యాదానం పీటల మీద తోడికోడలినైన నేనూ, నీ మరిదీ కూర్చున్నాము. పెద్దకోడలికని అత్తమ్మ నీకిచ్చిన వడ్డాణం నాకు పెట్టినారు.

మార్కాపురంలో ఏ పెళ్ళికి పోయినా అందరి చూపూ ఆ వడ్డాణం పెట్టిన నీ సన్నటి నడుము మీదే. ఆ కుళ్ళుతోనే కదా నేను గుంటూరు పోయి పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నది! నాలుగేండ్లయినా కుట్ల కాడ నొప్పి పోలేదు. ఈ పొద్దు వడ్డాణం ఇట్టే పట్టింది గానీ, తలంబ్రాల కాడికే ఓర్చుకోలేక తీసేసినాను.

అది చూసి నీ కూతురు, "అమ్మ కూడా అంతే చిన్నమ్మా! ఇది పెట్టుకున్న రోజు అన్నం ముట్టేది కాదు, ఊపిరి బిగబట్టుకొని తిరిగేది" అన్నది.

ఆ ముక్క అప్పుడే నా చెవిన వేసుంటే నీ సొమ్మేం పోయేదక్కా?